ఉప్పంటని చొక్కా

ఎస్సై ఝాన్సీ ఆ చొక్కాని మూడోసారి వెలుతురుకి ఎత్తి పట్టింది. నీలం గళ్ళ చొక్కా. జేబు దగ్గర చిరుగుంది, ఎడమ చేతి గుడ్డని ఆసుపత్రివాళ్ళు కత్తిరించారు. ఆరిపోయి కవర్లో రెండు రోజులుగా ఉన్నా ఉండాల్సిందొక్కటి మాత్రం దాని మీద లేదు.

"సత్యం, దండెం మీదున్న ఆ తువ్వాలు నీదేనా? ఇటివ్వు."

రొయ్యల చెరువు కాపలా చూసే సత్యం తువ్వాలు తెచ్చిచ్చాడు. పొద్దున చెరువులో దిగి వచ్చి ఆరేసిన తువ్వాలది. అంచంతా తెల్లగా చారలు కట్టి, పట్టుకుంటే బిరుసుగా ఉంది. ముమ్మిడివరం దాటాక ఈ చెరువులన్నీ ఉప్పునీళ్ళవే. ఇందులో తడిసి ఆరిన గుడ్డ ఏదైనా ఇలాగే అవుతుంది. చొక్కా మీద మాత్రం ఒక్క చారా లేదు.

"మొన్న పొద్దున నువ్వొచ్చేసరికి ఏం చూశావో మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లడిగినా అదేనండి. మేత బస్తా ఎత్తుకుని వచ్చేనండి, అప్పుడే తెల్లారుతోంది. బుజ్జిబాబు గారు ఇదిగో ఈ ఇనపపెట్టి కింద వెల్లకిలా పడున్నారు. ఒళ్ళంతా తడేనండి. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చెరువులో పడి లేచేరేమో అనుకున్నాను."

"నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగి ఉన్నాయా, తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయండి. అందుకేగా దగ్గరికెళ్ళడానికి భయపడ్డాను. షెడ్డులోకి పరిగెత్తి మెయిను దింపేసి, అప్పుడు ముట్టుకున్నాను."

"ఈ మాట సీఐ గారికి చెప్పేవా?"

"మెయిను దింపే ఉందా అని అడిగేరండి. ఆయ్, దింపే ఉందండి అన్నాను. అంతకంటే అడగలేదండి."

ఝాన్సీకి లోపల్లోపల చక్కిలిగింత పెట్టినట్టయింది. ఒక మనిషి ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటే ఇలా సంతోషపడడం పాపమేమో గానీ, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సత్యదుర్గారావు అడగాల్సిన ప్రశ్న అడగకుండా వెళ్ళిపోయాడన్న మాట ఆమెకి పండగలాగే ఉంది. దాన్ని ఆమె కాదనుకోలేదు కూడా.

ఏరేటర్లకి కరెంటిచ్చే ఆ ఇనపపెట్టికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. పెట్టి మూత విప్పి పక్కన పెట్టి ఉంది. మరలు నాలుగూ ఒక డబ్బా మూతలో పోసి ఉన్నాయి. స్క్రూడ్రైవరు కింద పడి ఉంది. పెట్టికి నాలుగడుగుల దూరంలో చేత్తో కొట్టే మంచినీళ్ళ బోరు పంపు, దాని కింద బకెట్టు. మెయిను మీట మాత్రం షెడ్డు లోపల గోడకుంది.

"వారం నుంచి పెట్టి షాకు కొడుతోందండి. ఆ ఎర్రగుడ్డ బాబుగారే కట్టేరు. మాక్కూడా చెప్పేరు, పెదబాబు గారింట్లోవాళ్ళక్కూడా చెప్పేరు, ఎవరూ ముట్టుకోవద్దని. మొన్న పొద్దున్నే బాగు చేద్దామనొచ్చేరు."

పెదబాబు అంటే బుజ్జిబాబు అన్న కేశవరావు. ఇద్దరికీ పక్కపక్కనే ఇళ్ళు, పక్కపక్కనే చెరువులు. అమెరికాలో ఉన్న అక్కగారు ఇరవై ఏళ్ళ కిందట పెట్టిన అర్జీ పండి, వచ్చే సోమవారం ముంబైలో కేశవరావు కుటుంబానికి వీసా ఇంటర్వ్యూ. తమ్ముడి వంతు ఇంకా రాలేదు. అన్న వెళ్ళిపోతుంటే చూడలేక తమ్ముడే కరెంటు పట్టుకున్నాడని ఊరు ఊరంతా తీర్పు చెప్పేసింది.

జీపు ఆగిన చప్పుడైంది. దిగినవాడెవరో చూడకుండానే ఝాన్సీకి తెలిసింది. ఆ సెంటు వాసన గాలికంటే ముందొస్తుంది.

"ఝాన్సీ గారూ, ఇంకా ఇక్కడేనా?"

సత్యదుర్గారావూ ఆమే ఒకే బ్యాచి. ఒకే రోజు ఎస్సైలుగా చేరారు. శిక్షణలో గురి చూసి కొట్టడంలో ఆమె ముందు, పరీక్షలో ఆమె ముందు. ప్రమోషన్ ప్యానెల్లో మాత్రం అతను ముందు. రెండేళ్ళుగా అతని భుజం మీద మూడో నక్షత్రం ఉంది. ఆమె భుజం మీద రెండే. ఆ మూడోదాన్ని చూసినప్పుడల్లా ఝాన్సీకి కడుపులో మంట రేగుతుంది. ఇవాళ ఎండ బాగా కాస్తోంది, అది మరీ మెరుస్తోంది.

"బుజ్జిబాబు చెరువులో పడలేదు సార్. చొక్కాకి ఉప్పు లేదు. బోరు పంపు కింద తడిశాడు."

"స్నానం చేసుంటాడు. దానికేం?"

"చొక్కా ప్యాంటూ విప్పకుండానా?"

"నిద్రమత్తు."

"మరలు ఒక్కటి కూడా కింద పడకుండా మూతలో పోసుకున్న మనిషికి మత్తేమిటి సార్? ఎర్రగుడ్డ కట్టినవాడు మెయిను దింపకుండా ఆ మూత విప్పడు. కానీ సత్యం వచ్చేసరికి ఏరేటర్లు తిరుగుతున్నాయి. దింపిన మెయిను ఎవరెత్తారు? షాకు తగిలి పడిపోయినవాడు లేచి షెడ్డులోకెళ్ళి, మీట ఎత్తి, మళ్ళీ వచ్చి ఇక్కడ పడుకున్నాడంటారా?"

సత్యదుర్గారావు సత్యం వైపు చూశాడు. సత్యం తల వంచుకున్నాడు. సీఐ మొహంలో రంగు ఒక్క క్షణం మారింది, మళ్ళీ సర్దుకుంది. అతను తెలివితక్కువవాడేం కాదు. అదే ఝాన్సీ అసలు బాధ. తెలివితక్కువవాడైతే ఇంత మంట ఉండేది కాదు.

"సరే, ఇంకొకడున్నాడు. ఎవరంటారు? కేశవరావా? ఎందుకండి? వీసా చేతికొచ్చే ముందు తమ్ముణ్ణి చంపుకుని స్టేషను మెట్లెక్కుతాడా? క్యూలో ముందున్నవాడు వెనకున్నవాణ్ణి ఎందుకు తోస్తాడు? ఈర్ష్య అనేది వెనకున్నవాడికి ఉంటుంది." అతను చిన్నగా నవ్వాడు. "వెనకుండిపోయినవాళ్ళ బాధ మీకు నేను చెప్పాలా?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. ఝాన్సీ నోటిదాకా వచ్చిన జవాబుని మింగేసింది. భుజమ్మీద ఎక్కువ నక్షత్రాలున్నవాడి ముందు మింగడం ఉద్యోగంలో భాగం.

"సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నాను. ప్రమాదమని రాస్తాను. ఆ కుటుంబం పరువు కూడా నిలబడుతుంది. మీ దగ్గర కారణముంటే ఈలోపు తీసుకురండి. చొక్కాలూ తువ్వాళ్ళూ కాదు, కారణం."

అతని జీపు గట్టు దిగి వెళ్ళిపోయింది. ఒళ్ళు మండిపోతున్నా ఝాన్సీకి ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పలేదు. అతను అడిగింది సరైన ప్రశ్నే.

* * *

బుజ్జిబాబు భార్య గంగాభవాని ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఝాన్సీ పొద్దున్నే అయినవిల్లి వినాయకుడి దగ్గరికి వెళ్ళొచ్చింది. ప్యానెల్ వేసే నెలల్లో వెళ్తూ ఉంటుంది. తనకి రావాలని కాకుండా ఇంకొకళ్ళకి రాకూడదని మొక్కిన రోజులు కూడా లేకపోలేదు. జీపులో ఉన్న ప్రసాదం పొట్లం విప్పి కాస్త గంగాభవాని చేతిలో పెట్టింది. గంగాభవాని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.

"ఇవాళ వేళ్ళు కదిపేరండి. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచేరు. రేపటికి మాటొచ్చేస్తుందన్నారు డాక్టరు గారు. బావగారే, నువ్వింటికెళ్ళి కాసేపు పడుకోమ్మా, నేను చూసుకుంటానన్నారు."

"ఊళ్ళో అందరూ అనేమాట మీరూ వినే ఉంటారు."

"మా ఆయన ఏడుపు సంగతా? అందులో అబద్ధమేముందండి. ఆయనకీ ఏడుపే, నాకూ ఏడుపే. దాచుకోను." గంగాభవాని కొంగు బిగించింది. "పక్కింట్లో స్వెట్టర్లు కొంటుంటే ఎవరికుండదండి? ఈ ఎండల్లో మా తోడికోడలు సూర్యావతక్క వాటిని దులిపి మా గోడ మీదే ఆరేసేది. మాకు కనపడాలని."

"మీదీ వాళ్ళదీ ఒకే అక్క పెట్టిన అర్జీలు కదా. ఇంత తేడా ఏమిటి?"

"వదినగారు కనకమహాలక్ష్మి గారు రెండు వేల ఆరులో ఇద్దరికీ పెడతానన్నారండి. మా ఆయనే వద్దన్నారు, చెరువులొదిలి నేను రానని. బావగారి అర్జీ మంజూరైందని సూర్యావతక్క ఊరంతా లడ్డూలు పంచేక అప్పుడు మనసు పుట్టింది. మాది పన్నెండులో పెట్టేరు. అర్జీ అక్కడ అందిన రోజుని ప్రయారిటీ డేటంటారండి. అది ఇంక మన నుదుట రాసినట్టే, మారదు. నెలనెలా అమెరికావాళ్ళు బులెటినని వేస్తారు, ఫలానా తేదీకి ముందు పెట్టినవాళ్ళు రావచ్చని. ఏ దేశానికైనా వాటా ఇంతేనని ఉంటుందంట. మనవాళ్ళు మరీ ఎక్కువ కదండి, అందుకని మన తేదీ కదలదు. తోబుట్టువుల వరస మరీ ఆఖరిది. ఒక్కో నెల జరగదు. ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్ళిపోద్ది."

"ఆరేళ్ళు తేడా అంటే ఇంకో ఆరేళ్ళకి మీ వంతు వస్తుందిగా?"

గంగాభవాని నవ్విన నవ్వులో సంతోషం లేదు. "అందరూ అదే లెక్క వేస్తారండి. బులెటినులో ఆరేళ్ళు జరగడానికి మనకి పదిహేనేళ్ళు పట్టినా పట్టొచ్చు. మా దుర్గాసాయికి పదహారు. మా తేదీ వచ్చేనాటికి ఇరవై ఒకటి దాటిపోతే వాడి పేరు మాతో ఉండదు. పెళ్ళాం మొగుడూ వెళ్ళాలి, పిల్లాణ్ణి ఇక్కడొదిలేసి. బులెటినొచ్చిన రోజు అక్కావాళ్ళింట్లో పాయసం వాసనొచ్చేది. మా ఇంట్లో ఆ రోజు ఎవరం మాట్లాడుకునేవాళ్ళం కాదు."

"కేశవరావు గారు లేకపోతే ఆ చోటు మీకొస్తుందా?"

"మీరూ అదే అడుగుతున్నారా? రాదండి. ఎవరి తేదీ వాళ్ళదే. బావగారున్నా లేకపోయినా మాది పన్నెండే. ఎవరైనా చల్లగా ఉండాల్సింది వదినగారండి. ఆవిడ పెడితేనేగా అర్జీలు. ఆవిడ పేరున రోజూ దీపం పెడతాను."

ఝాన్సీ లేవబోతూ ఆగింది. "మొన్న చెరువు దగ్గరికెళ్ళేక బుజ్జిబాబు గారికి ఫోనేమైనా వచ్చిందా?"

"ఫోను తీసుకెళ్ళరండి, నీళ్ళలో పడేసుకుంటారని. నా తలగడ దగ్గరే ఛార్జింగులో ఉంది. ఒక్కసారి కూడా మోగలేదు. సత్యం పరిగెత్తుకొచ్చేదాకా ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది."

* * *

పక్కిల్లు కేశవరావుది. గేటు ముందు ముగ్గు ఉందని చెప్పాలో లేదని చెప్పాలో తెలియని స్థితిలో ఉంది. ఎప్పుడో వేసింది, చక్రాలు తొక్కి తొక్కి చెరిగిపోయి సుద్ద మరకలు మిగిలాయి. ప్రయాణం పెట్టుకున్న ఇల్లు, మంచి మాట కోసం వెయ్యి దేవుళ్ళకి మొక్కాల్సిన ఇల్లు, గుమ్మంలో ముగ్గు వెయ్యకుండా ఉండడం ఝాన్సీకి వింతగా అనిపించింది.

కేశవరావు భార్య సూర్యావతి కుర్చీ వేసింది. చెంగు నిండుగా కప్పుకుంది, మాట నిదానంగా ఉంది. హాల్లో రెండు కొత్త సూట్‌కేసులు నిలబెట్టి ఉన్నాయి. వాటి పక్కన కూతురు లక్ష్మీతులసి కూర్చుని ఉంది. ఝాన్సీని చూసి లేచి నిలబడింది.

"తీసుకోండమ్మా, అయినవిల్లి ప్రసాదం. ప్రయాణం ముందు మంచిది."

తులసి చెయ్యి చాపింది. సూర్యావతి కళ్ళెత్తి కూతుర్ని ఒక్క చూపు చూసింది. చాపిన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

"బల్ల మీద పెట్టండి, తర్వాత తీసుకుంటాం," అంది సూర్యావతి. "నేను... బయటున్నానండి."

"మీ అమ్మాయి కూడానా?"

"ఆయ్."

బల్ల మీద పెట్టడానికి వంగినప్పుడు ఝాన్సీ దేవుడి గది వైపు చూసింది. తలుపులు మూసి గొళ్ళెం పెట్టి ఉంది. అయినవిల్లిలో పూజారి గారు పొద్దున అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అమెరికా వెళ్ళే కేశవరావు గారు నిన్నటికి అభిషేకం రాయించుకుని, రాలేదమ్మా, కబురైనా చెప్పలేదు అన్నారాయన. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి రాలేదేమోనని అప్పుడు అనుకుంది. తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే దేవుడి దగ్గరికి ఇంకా ఎక్కువ పరిగెడతారు గానీ మానేస్తారా?

ఇంట్లో ఉన్న మనుషులందరూ ప్రసాదం ముట్టరు. దీపం పెట్టరు. ముగ్గు వెయ్యరు. గుడికి వెళ్ళరు. ఇలాంటి ఇంటికి మనవాళ్ళ దగ్గర ఒకటే పేరు. మైల.

ఆ మాట అనుకోగానే చొక్కా కళ్ళ ముందుకొచ్చింది. తన మేనత్త పోయిన కబురు వచ్చినప్పుడు ఝాన్సీ డ్యూటీలో ఉంది. ఎక్కడున్నది అక్కడే, యూనిఫారంతోనే, స్టేషను వెనక పంపు కింద తల తడుపుకుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, చావు కబురు వింటే ఒళ్ళు దానంతటది నీళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. బుజ్జిబాబు తెల్లవారుజామున కట్టుబట్టలతో పంపు కింద నిలబడ్డాడంటే అతను చావు కబురు విన్నాడు. ఫోను ఇంట్లో ఉంది. కాబట్టి ఆ కబురు మనిషి నోటివెంట వచ్చింది. వచ్చిన మనిషి షెడ్డు దగ్గరే ఉన్నాడు.

గంగాభవాని మాత్రం ప్రసాదం కళ్ళకద్దుకుని తింది. ఆమె ఇంకా వినలేదు. విననివాళ్ళకి మైల లేదు. అన్నదమ్ములిద్దరికీ కావలసిన మనిషి, ఈ ఊళ్ళో ఒక్కరికి కూడా పోయినట్టు తెలియని మనిషి, పోయినట్టు తెలియకూడని మనిషి ఎవరో ఇంక వెతకక్కర్లేదు.

"సూర్యావతి గారూ, అమెరికాలో వదినగారు ఎలా ఉన్నారండి?"

"బావున్నారు. నిన్ననే మాట్లాడేరు."

"ఒకసారి నాకు కలపండి. మరిది గారి సంగతి నేనే చెప్తాను."

సూర్యావతి చెంగు కొస వేలికి చుట్టుకుంది. సూట్‌కేసుల వెనక నుంచి తులసి వెక్కిన శబ్దం వచ్చింది. "అమ్మా, ఇంక నావల్ల కాదు. అత్తకి మనం గట్టిగా ఏడవనైనా ఏడవలేదు."

"లోపలికెళ్ళు తులసీ."

తులసి వెళ్ళలేదు. సూర్యావతి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆమె మాటల్లో మర్యాద అలాగే ఉంది గానీ బెరుకు పోయింది.

"వదినగారు అక్కడ మధ్యాహ్నం పడుకుని నిద్రలోనే పోయేరండి. గుండె. ఆవిడ భర్త, అన్నయ్యగారు, ఫోన్ చేసేసరికి మాకింకా తెల్లారలేదు. పెళ్ళైన ఆడపడుచు, మాకు మూడు రోజుల మైల. ఆ మూడు రోజులూ దొంగల్లా పట్టుకుంటున్నాం. అర్జీ పెట్టినావిడ పోతే అర్జీ కూడా దానంతటది పోద్దండి. జాలి తలచి మళ్ళీ తెరవమని అడుక్కోవచ్చంటారు, అది వాళ్ళ దయ, ఏళ్ళు పట్టొచ్చు. మా తులసి వయసు అంచు మీదుంది. ఇప్పుడు ఆగితే దాని పేరు మళ్ళీ రాదు. సోమవారం దాకా ఒక్క నాలుగు రోజులు ఎవరికీ తెలియకపోతే చాలనుకున్నాం. ఇరవై ఏళ్ళు కాచుకున్నవాళ్ళకి నాలుగు రోజులెంతండి?"

"బుజ్జిబాబుకి ఎందుకు చెప్పారు మరి?"

"తోడబుట్టినవాడికి చెప్పకుండా మేం మైల పట్టి ఊరుకుంటామా అండి? అంత పాపం మావల్ల కాలేదు. ఈయనే చీకట్లో వెళ్ళేరు, చెప్పి, సోమవారం దాకా నోరు విప్పొద్దని కాళ్ళు పట్టుకుంటానని."

అమెరికా ప్రభుత్వానికి అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డ మనిషి మైల విషయంలో అబద్ధం ఆడలేకపోయాడు. కేశవరావు చేసిన పొరపాటు అదొక్కటే. ఆ పొరపాటు చెయ్యకుండా ఉండడం ఈ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళెవరి వల్లా కాదని ఝాన్సీకి తెలుసు.

"బుజ్జిబాబు ఒప్పుకుంటాడని ఎలా అనుకున్నారు?"

"నేననుకోలేదు." సూర్యావతి గోడ వైపు చూసింది, దానవతల తోడికోడలి ఇల్లుంది. "ఆవిడ పోయారంటే వాళ్ళ తేదీ కూడా పోయినట్టే. మాకు నాలుగు రోజులు దాస్తే సరిపోద్ది, వాళ్ళు పదిహేనేళ్ళు దాచలేరుగా. తనకి పోయినదాన్ని మాకు మిగలనిస్తాడా అండి? వాడి స్థానంలో నేనుంటే ఇవ్వను. భవాని ఆ గోడ మీంచి చూస్తూ నవ్వుతుంటే ఆ సూట్‌కేసులు విప్పి బట్టలు బీరువాలో పెట్టుకోవడం... అది నావల్ల కాదు."

"కేశవరావు గారు తిరిగొచ్చి ఏమన్నారు?"

"మళ్ళీ స్నానం చేసేరు. వాడు ఒప్పుకున్నాడా అని అడిగేను." ఆమె మూసి ఉన్న దేవుడి గది వైపు చూసింది. "ఇంక చెప్పడులే, అన్నారు. నేను మంచి అర్థమే తీసుకున్నానండి. సత్యం కేకలు వేసేదాకా."

సత్యదుర్గారావు అడిగిన కారణం ఇదీ. క్యూలో ముందున్నవాడు వెనకున్నవాణ్ణి తోసింది చోటు కోసం కాదు, నోరు మూయించడం కోసం. అక్కడ ఆసుపత్రిలో ఆ నోరు రేపటికి మళ్ళీ తెరుచుకోబోతోంది. మంచం పక్కన కూర్చున్నది కేశవరావు ఒక్కడే. గంగాభవానిని ఇంటికి పంపింది కూడా అతనే.

ఝాన్సీ జీపెక్కేసరికి ఫోను చేతిలోనే ఉంది. అమలాపురంలో ఆ ఆసుపత్రి సీఐ ఆఫీసుకి ఎదురుగా. ఒక్క ఫోను చేస్తే సత్యదుర్గారావు రోడ్డు దాటి వెళ్ళి కేశవరావు భుజం మీద చెయ్యేస్తాడు. వేస్తాడు, రేపు పేపర్లో అతని ఫొటో పడుతుంది, మెలిక విప్పిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అని రాస్తారు. చొక్కా సంగతి, మెయిను సంగతి, ప్రసాదం సంగతి అన్నీ అతను విప్పినవే అవుతాయి. వచ్చే ప్యానెల్‌కి అతను డీఎస్పీ వరసలోకి వెళ్తాడు, ఆమె ఎస్సైగానే అతనికి సెల్యూట్ కొడుతుంది.

ఫోను పక్క సీట్లో పడేసి జీపు తీసింది. గట్టిగా తొక్కితే తనే వెళ్ళిపోవచ్చు. పేషెంటు చుట్టూ నర్సులుంటారు, పగటిపూట ఐసీయూలో ఎవడేం చేస్తాడు అని తనకి తాను చెప్పుకుంది. ముమ్మిడివరం సెంటర్లో ఆటోలు, ఎదురుగా రొయ్యల లారీ. హారన్ మీద చెయ్యి తియ్యకుండా తోసుకుంటూ వెళ్ళింది. దారి పొడుగునా ఆ మూడో నక్షత్రమే కళ్ళ ముందు మెరుస్తోంది. బుజ్జిబాబు మొహం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూస్తే రాలేదు. అప్పుడు భయమేసింది. కేశవరావు గురించి కాదు, తన గురించి. తమ్ముడి ప్రాణం కంటే తన వంతు పెద్దదనుకున్న మనిషిని పట్టుకోవడానికి వెళ్తూ, తను చేస్తున్నది ఏమిటి?

జీపు రోడ్డు పక్కకి తీసి ఆపింది. ఫోను అందుకుని సత్యదుర్గారావు నంబరు నొక్కింది.

"చెప్పండి ఝాన్సీ గారూ. కారణం దొరికిందా?"

"దొరికింది. కేశవరావే. అమెరికాలో అక్క చనిపోయింది, అది బయటపడకూడదని. మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి సార్. అతన్ని బుజ్జిబాబు దగ్గర్నుంచి తప్పించండి. కేసు మీరే తీసుకోండి, నాకేం వద్దు, ముందు వెళ్ళండి."

ఈసారి అతని గొంతులో వెటకారం ఎక్కడా లేదు.

"బుజ్జిబాబు ఇక్కడ లేడండి. ఇంకా పెద్దాసుపత్రికి, కాకినాడ తీసుకెళ్తామని కేశవరావు గారు అడిగేరు. పోలీసు అభ్యంతరం లేదని నేనే సంతకం పెట్టేను. అంబులెన్సు కూడా ఆయనే మాట్లాడుకున్నారు, ఆయన మనిషి బండే. ఇంతకుముందే బయల్దేరింది. మీరు కాస్త ముందు చేసుంటే, నేను గేటు దగ్గరే ఉన్నాను."

"నర్సెవరైనా ఎక్కారా?"

"ఎక్కబోతే ఆయనే దింపేసేరు. తమ్ముణ్ణి నేను చూసుకుంటాను, మీరు ఇబ్బంది పడకండి అని. లోపల వాళ్ళిద్దరే ఉన్నారండి."